సాంత ఎలోయిసా బడిలో హాజరు

నవంబరు మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకి బస్సు ఇకీకె ఓడరేవు చర్చి ముందు ఆగింది. ముప్పై రెండేళ్ళుగా అక్కడే ఎక్కుతున్నాను. ఈసారి పక్క సీట్లో నా చేతిసంచీ పెట్టుకున్నాను. అందులో సాంత ఎలోయిసా బడి హాజరు పట్టీ ఉంది.

సాంత ఎలోయిసా ఇప్పుడు ఊరు కాదు. చిలీ ఎడారిలో సురేకారం తవ్వి, కాచి, ఓడలకెక్కించినన్నాళ్ళు ఊరు. 1958లో పొయ్యిలు ఆర్పేశారు. ఆ తరవాత తలుపులూ దూలాలూ పైకప్పు రేకులూ ఎవరెవరో పట్టుకుపోయారు. మోకాలెత్తు మట్టిగోడలు మిగిలాయి. అక్కడ పుట్టినవాళ్ళు ఏడాదికొకసారి వెళ్ళి, పోయినవాళ్ళకి కాగితం పూలు పెట్టి, బడిలో హాజరు పలికి, ఎవరింట్లో వాళ్ళు భోజనం చేసి, సాయంత్రానికి దిగివస్తారు.

మా ఆయన అన్సెల్మో అక్కడ పుట్టారు. నేను ఓడరేవు పిల్లని. జూలైలో ఆయన పోయారు. మాకు పిల్లలు లేరు. ఇక ఆ ఊరితో నాకేం పని అనిపించింది. ఈ ఒక్కసారికి పేర్లు పిలిచి, పట్టీ జోయిలక్క చేతిలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. పట్టీలో పదిహేడో పేరు ఆయనది. పదహారు తరవాత పద్దెనిమిది పిలవాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో రెండుసార్లు అలా చదివి చూసుకున్నాను. సాఫీగానే వచ్చింది.

"టీచరమ్మా, ఆ సంచీకి కూడా సీటు కావాలా?" అంటూ కుస్తోదియో నడవలో నిలబడ్డాడు. అతనిది పద్దెనిమిదో నంబరు. రేవులో క్రేన్లు బాగుచేసి రిటైరయ్యాడు.

"నీకు రెండు సీట్లు కావాలని మేమెప్పుడైనా అడిగామా? పోయి వెనక కూర్చో, బస్సు ముందుకి ఒరుగుతోంది," అంది వెనక నుంచి జోయిలక్క. ఆమెది మూడో నంబరు. మిగిలినవాళ్ళలో అందరికన్నా పెద్దది.

"చూశావా టీచరమ్మా, ఎనభై దగ్గర పడుతున్నా ఈవిడ నోటికి తుప్పు పట్టదు. సురేకారం మహిమ."

నవ్వాను. నవ్వు వచ్చినందుకు నాకే కొంచెం ఆశ్చర్యం వేసింది.

కొండ ఎక్కేదాకా సముద్రపు మంచు అద్దాలని తడుపుతూ వచ్చింది. పైకి చేరగానే ఒక్కసారిగా ఎండ. ఇక అటూ ఇటూ గోధుమరంగు నేల, దూరంగా కాచి పారబోసిన మట్టిగుట్టలు. ఆ గుట్టలు కనబడగానే ఆయన బూట్ల తాళ్ళు బిగించుకునేవారు. అది చూసి నేను థర్మాసు మూత బిగించేదాన్ని. ఈసారీ బిగించాను. అది బిగిసే ఉంది.

ముందు శ్మశానానికి వెళ్ళాం. ఆ నేలలో పూలు పూయవు. రంగు కాగితాలతో చేసుకుని తెస్తారు. ఆయన సమాధి ఇకీకెలో ఉంది కాబట్టి ఇక్కడ నేను పెట్టాల్సింది ఒక్కటే పువ్వు. అది నసారియోకి. ఎనిమిదేళ్ళకి జ్వరంతో పోయిన పిల్లవాడు. సమాధి చుట్టూ ఊయలతొట్టిలాంటి చెక్క కంచె. తల్లిదండ్రులు దక్షిణానికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. బడిలో మా ఆయన పక్కన కూర్చునేవాడు. అందుకని ఏటా ఆయనే పువ్వు తెచ్చేవారు. ఎర్రకాగితం పువ్వుని తీగతో కంచెకి కట్టాను. ఆయన రెండు ముళ్ళు వేసేవారు. రెండు వేశాను.

అక్కణ్ణించి బడి. దారిలో కుస్తోదియో మనవరాలి కొత్త మొగుడు ఎవరిదో ఇంటి గోడ దాటి అడ్డంగా నడిచాడు.

"అల్లుడూ!" జోయిలక్క గొంతుకి అందరం ఆగిపోయాం. "మీ ఊళ్ళో ఇళ్ళలోకి గోడ దూకి వస్తారా?"

"తలుపు ఏదమ్మమ్మా?"

"అదిగో, నీ ఎడం పక్క. కనబడటం లేదూ?"

అక్కడ రెండు రాళ్ళ మధ్య ఖాళీ ఉంది. అతను వెనక్కి వెళ్ళి, ఖాళీలోంచి వచ్చి, ఏమనుకున్నాడో తల కూడా కొంచెం వంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్ళయిన కొత్తలో నేనూ ఇలాగే ఆయన పుట్టిన ఇంటి గోడ దాటాను. అప్పుడు ఇదే గొంతు, ఇదే తిట్టు. ఆయన నన్ను వెనక్కి తీసుకెళ్ళి, లేని తలుపు తీసి పట్టుకుని, "లోపలికి రండి" అన్నారు.

బడి నేల సిమెంటుది. బెంచీల కాళ్ళు దింపిన గుంటలు వరసలుగా ఉన్నాయి. ఇద్దరు చీపుళ్ళతో ఇసుక ఊడ్చారు. ఎవరి గుంటల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. పోయినవాళ్ళ చోట కొడుకులు, కూతుళ్ళు, మనవలు. మూసేసిన రోజు ఉపాధ్యాయుడు బల్లమీద వదిలేసిన పట్టీని తొమ్మిదేళ్ళ అన్సెల్మో చొక్కాలో దాచుకుని తెచ్చారట. తరవాత కొన్నేళ్ళు ఆయనే పిలిచేవారు. టీచరుని పెళ్ళి చేసుకున్నాక, హాజరు టీచరే వేయాలని అంతా పట్టీ నాకు ఇచ్చారు. పద్ధతి ఒక్కటే. పిలిచిన పేరుకి జవాబు రావాలి. ఉన్నవాళ్ళు పలుకుతారు, లేనివాళ్ళకి వాళ్ళ మనుషులు పలుకుతారు. ఏ పేరూ గాలిలో ఉండిపోకూడదు. పిలిచేవాళ్ళు జవాబు చెప్పకూడదు.

"ఒకటి. అబ్దోన్ అరాయా."

"హాజరు," అంది అబ్దోన్ కూతురు.

అలా సాగింది. ఎనిమిది, తొమ్మిది, పది. నా కన్ను అప్పుడే పద్దెనిమిది మీద ఉంది.

"పదహారు. నసారియో కీస్పె."

పిలిచి, అలవాటు కొద్దీ ఆగాను.

నసారియోకి మనుషులు లేరు. ప్రతి ఏడూ మా ఆయన గొంతు సన్నం చేసి, చిన్నపిల్లాడిలా "హాజరూ" అని సాగదీసేవారు. వెంటనే పదిహేడుకి తన గొంతుతో పలికేవారు. ప్రతి ఏడూ కుస్తోదియో, "పాపం నసారియోకి ఇంకా గొంతు మారలేదు," అనేవాడు. ప్రతి ఏడూ అందరూ నవ్వేవారు. ఈసారి నాకు పువ్వు గుర్తుకొచ్చింది, ఆ గొంతు సంగతి గుర్తుకి రాలేదు. పదిహేడుని దాటడం గురించే ఆలోచించాను. పదహారుకి కూడా ఆయనే పలకాలన్నది తోచలేదు.

గాలికి పట్టీ అంచు టపటపలాడింది. నేను తరవాతి పేరుకి వెళ్ళబోయాను.

"పద్దెని..."

"ఆగు టీచరమ్మా," అంది జోయిలక్క. "పదహారు పలకలేదు. పదిహేడు నువ్వు పిలవలేదు."

"పిలవలేనక్కా."

పట్టీలోకి చూస్తూ నిలబడ్డాను.

కుస్తోదియో గొంతు సవరించుకున్నాడు. "నసారియోకి నేను పలుకుతాలే. హా..." అన్నాడు. బొంగురుగా మొదలై మధ్యలోనే ఆగిపోయింది.

"నీ గొంతు వింటే వాడు జడుసుకుంటాడు, ఊరుకో," అంది జోయిలక్క. తన గుంటల దగ్గర నుంచి కదిలి, బెంచీల మధ్య దారిలోనే నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "పట్టీ ఇలా ఇయ్యి."

ఇచ్చేద్దామనే వచ్చాను కదా. ఇచ్చేశాను. ఇక బస్సు దగ్గరికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

"అటెక్కడికి? నీ చోటు అది కాదు. రెండో వరస, కిటికీ పక్కన."

"నేనీ బళ్ళో చదవలేదక్కా."

"ముప్పై రెండేళ్ళ నుంచి ఏటా ఈ బడికి వస్తున్నావు. నేను ఇక్కడ చదివింది మూడేళ్ళు. ఈ లావుపాటాడు ఒక్క ఏడాది, అదీ సగం రోజులు గుట్టల మీదే. మాలో నీ అంత కాలం ఎవరు వచ్చారే పిచ్చిదానా?"

"సగం రోజులు కాదు," అన్నాడు కుస్తోదియో. "ముప్పాతిక."

రెండో వరసకి వెళ్ళాను. కిటికీ ఉండాల్సిన చోట ఎడారి. ఎప్పుడూ ఎదుటి నుంచే చూసిన చోటు. ఆయన నిలబడిన చోట నిలబడితే మట్టిగుట్టలు కనబడతాయని నాకు తెలియదు. పాఠం వినకుండా ఆయనా నసారియో చూసింది వీటినే అన్నమాట.

జోయిలక్క పట్టీని చెయ్యంత దూరంలో పట్టుకుని కళ్ళు చికిలించింది. కూడబలుక్కుంటూ చదివింది.

"పద... హారు. నసారియో కీస్పె."

ఆయనలా సన్నంగా పలకాలని నోరు తెరిచాను. నాకు చేతకాలేదు. తరగతిలో ముప్పై ఎనిమిదేళ్ళు వాడి అరిగిన నా మామూలు గొంతే వచ్చింది.

"హాజరు."

ఎవరూ నవ్వలేదు. నా పక్కనుంచి కుస్తోదియో మెల్లగా అన్నాడు.

"నసారియోకి గొంతు మారింది."

అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే జోయిలక్క పిలిచింది. కావాలనే అంత త్వరగా పిలిచిందని తరవాత తెలిసింది.

"పదిహేడు. అన్సెల్మో తాపియా."

"హాజరు," అన్నాను.

"పద్దెనిమిది... పద్దెనిమిది! కుస్తోదియో! ఏంరా, నిద్రపోతున్నావా?"

అతను చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకునేదాకా అంతా ఆగాం.

భోజనానికి ఆయన పుట్టిన ఇంట్లో నేల ఊడ్చి దుప్పటి పరిచాను. మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు నాలుగు తెచ్చాను, ఎప్పటిలాగే. జోయిలక్క వచ్చి గుమ్మం బయట నిలబడి, లేని తలుపు మీద రెండుసార్లు వేళ్ళతో కొట్టింది.

"రా అక్కా."

"కూర్చోను. మా ఇంట్లో జనం ఉన్నారు. ఇదిగో." పట్టీ నా ఒళ్ళో పెట్టింది. "ఆ అక్షరాలు నాకు ఆనడం లేదు. వచ్చే ఏడు నువ్వే పిలువు. ఆ రెండు నంబర్లూ వచ్చినప్పుడు నాకిచ్చి నీ చోటుకి వెళ్ళు."

"నీకు అక్షరాలు ఆనడం లేదంటున్నావుగా."

"ఆ రెండూ ఆనుతాయి," అని, ఒక ఎంపనాదా తీసుకుని, గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.