అరైజ్ మొదలు రైట్ దాకా

నిత్యానందం పంతులుకు పేరులో తప్ప ఆనందం ఎక్కడా లేదు. పెద్దారవీడు పక్కన ఆయన నడిపే మిషన్ బడిలో పిల్లలకు ఇంగ్లీషు రావడం లేదని మార్కాపురం దాకా మాట పోయింది. తాను వచ్చి పరీక్షిస్తానని, బాగా లేకుంటే బడి గుర్తింపు తీసేస్తానని ఇన్‌స్పెక్టరు కబురు పంపారు. గుర్తింపు పోతే పంతులుగిరీ పోతుంది. మళ్ళీ వెనకటిలా ఆసామి సుబ్బయ్య చేలో కూలికి కలుపు తీయాలి. ఇన్‌స్పెక్టరు పేరు బ్రహ్మం. తలరాత రాసేవారికి తగిన పేరే.

తిప్పలన్నీ భూతకాలంతో. ఇంగ్లీషు క్రియల్లో కొన్ని బుద్ధిగా చివర ఒక 'డ్' తగిలించుకుని గతంలోకి పోతాయి. మిగిలినవి భూతం పట్టినట్టు రూపమే మార్చేస్తాయి. గో కాస్తా వెంట్ అవుతుంది, ఎవరి వెంట పోయిందో తెలియదు. ఈట్, ఏట్, ఈటెన్‌లో చివరిది ఈటెలా గొంతులో దిగుతుంది. అవి క్రియలు కావు, పిల్లల కర్మలు.

పంతులు ఒక ఉపాయం పన్నాడు. ఆదివారం ప్రార్థనలో పాడే పాట రాగంలో ఆ క్రియలన్నీ వరసగా కూర్చి నేర్పాడు. నెల తిరిగేసరికి గొర్రెల వెనక కూడా 'బిగిన్, బిగాన్, బిగన్' వినిపించసాగింది.

బడి నడిచేది ప్రార్థన మందిరంలోనే. పరీక్ష రోజున తల్లిదండ్రులు కూలి మానుకుని వచ్చి గోడవారగా కూర్చున్నారు. బ్రహ్మంగారు ఎజ్రా కూతురు సంతోషమ్మను లేపి, 'రైట్' అనే క్రియకు భూతకాలం చెప్పమన్నారు.

అది చివరి చరణంలో ఉంది. పాటను చివర నుంచి అందుకోవడం సంతోషమ్మకు తెలియదు. కళ్ళు మూసుకుని 'అరైజ్, అరోజ్, అరిజన్' అని మొదటి నుంచి ఎత్తుకుంది. రాగం చెవిన పడగానే ఎజ్రా తలగుడ్డ తీసి లేచాడు. వెనకే అందరూ లేచారు. అరైజ్ అంటే అర్థం పిల్లలకన్నా పెద్దలకే బాగా వచ్చినట్టుంది.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోనే ఉండిపోయారు. ఎజ్రా వంగి ఆయన చెవిలో, "లేయండయ్యా, దేవుని పాట నడుస్తా ఉంది" అన్నాడు.

ప్రార్థనలో లేవకుండా కూర్చున్నారన్న మాట పైనున్న తెల్లదొర దాకా పోతే తన ఉద్యోగం గో, వెంట్, గాన్. బ్రహ్మంగారు లేచారు. పాట కొండచిలువలా సాగింది. ఆపించమని కళ్ళతో సైగ చేస్తే, నడుమ ఆపే ఆచారం లేదని పంతులు వినయంగా చేతులు జోడించాడు. మోకాళ్ళు పట్టేసిన చాలాసేపటికి 'రైట్, రోట్, రిటన్' వచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు.

అన్నారే గానీ ఎవరూ కూర్చోలేదు. ముసలి రాహేలమ్మ ముందుకు వచ్చింది.

"దీవెన పలుకు నాయనా. పెద్దోళ్ళు పలికినాక గదా మేము కూచునేది."

నుదుట నామం ఉన్న బ్రహ్మంగారు ఆ మందిరంలో ఏ దేవుడి పేర దీవించాలో తోచక దిక్కులు చూశారు. కుర్చీ చూస్తే వెనకే ఉంది, దీవించందే కూర్చునే దారి లేదు. చెయ్యెత్తి నోటికి వచ్చింది అనేశారు.

"ఈ బడి నిలబడుగాక."

"ఆమెన్" అన్నారందరూ, పంతులు అందరికన్నా గట్టిగా.

అంతమంది విన్న దీవెనను కాగితం మీద శాపంగా మార్చే ధైర్యం ఆయనకు లేకపోయింది. గుర్తింపు అక్కడికక్కడే ఖాయం చేశారు. ఇంకో క్రియ అడుగుతారా అని పంతులు అడిగేసరికి బ్రహ్మంగారు బండెక్కి కూర్చున్నారు.