ఆవిరి పెట్టి

కువైట్ లాండ్రీలో షేకుల తెల్లగౌన్లకి ఇస్త్రీ చేసి, శభాష్ అనిపించుకుని వచ్చినవాణ్ణి నేను. మా ఊరు పలివెలలో మాణిక్యాలరావంటే ఇస్త్రీ అంటారు. అలాంటిది నా చేతిలో ఆవిరి ఇస్త్రీ పెట్టె పసుపుపచ్చ నీళ్ళు కక్కుతోందంటే నవ్వరూ జనం?

మా అమ్మాయి లక్ష్మీదుర్గ నర్సు చదువు పూర్తిచేసింది. ఆ మధ్యాహ్నమే అమలాపురంలో ఒక ఆసుపత్రిలో చేరాలి. తెల్లకోటు వేసుకు రమ్మన్నారు. ఉన్నది ఒక్కటే కోటు. అది నేనే ఇస్త్రీ చేస్తానని గొప్పలు పోయాను.

ముందుగా పాత తువ్వాలు మీద పెట్టి చూశాను. టప్పుమని పచ్చటి చుక్క పడింది!

అంతకుముందు రోజు పొద్దున్నే కదా దాన్ని శుభ్రం చేసింది! వెనిగరూ నీళ్ళూ సగంసగం పోసి, కాగనిచ్చి, దొడ్లో అరటిచెట్టు దగ్గర ఆవిరంతా ఊదించాను. సున్నం పొక్కులు ఊడి వచ్చాయి. మళ్ళీ వట్టి నీళ్ళతో ఊదించి, చల్లారాక అడుగు రేకు తడిగుడ్డతో తుడిచి, చిల్లుల్లో చెవిపుల్లతో గీకాను. మా బోరునీళ్ళు ఉప్పన కాబట్టి, ఇన్వర్టర్లో పోసే బ్యాటరీ నీళ్ళు కొని మరీ పోశాను. ఇంకేం చెయ్యాలి?

సున్నమైతే తెల్లగా రావాలి, తుప్పయితే ఎర్రగా రావాలి. ఈ పసుపురంగేమిటి? పైగా వాము వాసన! ఇస్త్రీ పెట్టెకి వాము వాసనేమిటండీ? నాకు మతి పోయింది.

"జంతికల పిండి చేత్తో దీన్ని ముట్టుకున్నావా?" అని మా ఆవిడ వీరదుర్గ మీద లేచాను.

"మీరు ముట్టుకోనిస్తే కదండీ! పట్టుకెళ్ళి బీరువాలో దాచుకోండి," అని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బ్యాటరీ నీళ్ళు అమ్మిన నూకయ్యకి ఫోను చేశాను. "ఏం కలిపేవయ్యా వాటిలో?"

"ఏం కలపలేదండీ. ఆ నీళ్ళే మా ఇన్వర్టర్లో పోసేనండీ."

"మీ ఇన్వర్టరు వాము వాసనొస్తోందా?"

"ఆయ్?" అన్నాడు. ఫోను పెట్టేశాడు. నాకు పిచ్చెక్కిందని ఊరంతా చెప్పే ఉంటాడు.

చేసేదేం లేక మళ్ళీ శుభ్రం చేశాను. ఈసారి తువ్వాలు మీద చుక్క పడలేదు. హమ్మయ్య అనుకుని కోటు పరిచాను. కాలరూ, చేతులూ వెన్నలా వచ్చాయి. జేబు దగ్గర ఆవిరి మీట నొక్కానో లేదో, భళుక్కుమని కక్కింది. జేబు మీద అరచేతంత పచ్చటి మరక!

గబగబా సబ్బు రాశాను. రాసినచోటల్లా ఎర్రగా మారింది. "ఓరి నాయనో! పచ్చది ఎర్రగా అయ్యిందేమిటి?" అని అరిచాను. మా ఆవిడా, లక్ష్మీదుర్గా పరుగెత్తుకొచ్చారు. లక్ష్మీదుర్గ కోటు లాక్కుని చూసింది.

"నాన్నా, ఇది వంటింట్లో పసుపు. సబ్బు తగిలితే ఎర్రబడదూ?"

పసుపూ వామూ కలిపి వాడేది మా ఇంట్లో ఒక్కరే. ముగ్గురం అరుగు మీదకి చూశాం. మా అమ్మ అచ్చాయమ్మ నులకమంచం మీద తల దించుకుని కూర్చుంది.

"నీళ్ళలో పసుపూ వామూ వేసి ఆవిరి పట్టుకున్నానురా."

"ఇస్త్రీ పెట్టెతోనా?"

"నువ్వే కదరా, కొన్నరోజున వచ్చినవాళ్ళందరికీ చెప్పేవు. ఇది ఇస్త్రీ పెట్టి కాదు, ఆవిరి పెట్టి అని. మధ్యాహ్నం మీరు పడుకున్నాక తువ్వాలు కప్పుకుని పట్టుకునేదాన్ని."

"మొహం కాలిపోతే ఏం గతమ్మా! గిన్నెలో పట్టుకోకూడదా?"

"పొయ్యి వెలిగిస్తే కోడలికి తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏం?"

అమ్మ మనవరాలి వంక చూసింది. "రొప్పు ఆగట్లేదురా. ఇది చూసిందంటే ఉద్యోగం మానేసి నా మంచం దగ్గరే కూర్చుంటుంది. ఇది చేరేదాకా ఓర్చుకుందామనుకున్నాను."

 అమ్మ రొప్పుతోంటే వినపడని నాకు, పెట్టె బుసలు మాత్రం వినపడ్డాయి. సిగ్గేసింది.

లక్ష్మీదుర్గ ఆ మరక కోటే తొడుక్కుంది. అమ్మని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆటోలో అమలాపురం వెళ్ళాం. ఆసుపత్రిలో పెద్దనర్సు కోటు వంక చూసి మొహం చిట్లించింది.

"ఏంటమ్మా, మొదటిరోజే?"

"ఆయ్, మా మామ్మదండీ," అంది లక్ష్మీదుర్గ, మరకని చూపిస్తోందో మామ్మని చూపిస్తోందో తెలియకుండా.

డాక్టరుగారు చూసి మందు రాశారు. లక్ష్మీదుర్గ అమ్మ ముక్కుకి గొట్టంతో ఉన్న మాస్కు తగిలించి మీట నొక్కితే బుస్సున తెల్లటి పొగ వచ్చింది. అమ్మ దాన్ని పైకెత్తి, "ఇదీ ఆవిరి పెట్టేనా? పసుపెయ్యలేదేంటే?" అంది.

"మాట్లాడకుండా పీల్చు మామ్మా."

మనవరాలిని 'ఒసే' అని తప్ప పిలిచి ఎరగదు మా అమ్మ. ఆ కోటు వంక కింద నుంచి పైదాకా చూసింది.

"ఆయ్, అలాగేనండీ," అంది.