కడగని బండి

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మలుపు దగ్గర సైదయ్య రేకుల షెడ్డుకు ఒక నియమం ఉండేది. ఎవరి బండైనా సరే కడిగి, ఖాళీగా తెస్తేనే ఆయన ముట్టుకునేవాడు. పేడతోనో బురదతోనో వచ్చిందంటే, "నేనేమన్న పశువుల డాక్టర్నా?" అని వెనక్కి పంపేవాడు. మెకానిక్కులు నూనెలో మునిగినా మునగనీ, వైరింగ్ పని చేసేవాడు మాత్రం శుభ్రంగా ఉండాలని ఆయన పట్టుదల. తెల్ల చొక్కాతో బండ్ల పని చేసేవాడు ఆ వరుసలో ఇంకొకడు లేడు. పని కూడా అంత తెల్లగానే చేసేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఎనభై తొమ్మిది వేసవిలో ఆ నియమమే ఒక మనిషి నోటికాడి ముద్ద లాగేయబోయింది.

ఆ మనిషి గేమ్యా. మోతె దగ్గరి తండావాడు. ఆ తండా మొత్తంలో లారీ లైసెన్సు చేతికొచ్చింది మొదట అతనికే. గొర్రెల లింగన్న దగ్గర రెండేళ్లుగా డ్రైవరు. లింగన్న మంద కాసి కూడబెట్టిన దాంతో పాత లారీ ఒకటి కొని, చుట్టుపక్కల ఊళ్ల గొర్రెల్ని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంతలకు చేరవేసేవాడు. ఆ లారీ వెనక లైట్లకు ఉగాది ముందు కొత్త వైరింగ్ వేసింది సైదయ్యే.

ఉగాది దాటినప్పటి నుంచి గేమ్యాది ఒకటే మొర. బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైటు వెలగడం లేదని, దాని బదులు పక్కనున్న పసుపు లైట్లు మినుకుమంటున్నాయని, వెనక వచ్చే డ్రైవర్లు తనను నానా తిట్లూ తిడుతున్నారని. మూడుసార్లు బండిని వాగులో తళతళా కడిగి తెచ్చాడు. మూడుసార్లూ సైదయ్య బ్రేకు తొక్కించి చూశాడు. మూడుసార్లూ లైటు ఎర్రగా వెలిగింది. మూడోసారి సైదయ్యకు విసుగొచ్చి లింగన్నతోనే అనేశాడు.

"వైరింగ్ బంగారమసొంటిగున్నది లింగన్నా. నీ డ్రైవరే సరిగ నడుపుతలేడు. వాణ్ని సూసుకో."

అన్న వారానికే మిర్యాలగూడ దారిలో ఒక ట్రాక్టరు వచ్చి లారీని వెనక నుంచి గుద్దింది. రెండు గొర్రెలకు కాళ్లు విరిగాయి. లైటు వెలగలేదని గేమ్యా ఎంత మొత్తుకున్నా లింగన్న చెవిన పెట్టలేదు. సైదయ్య చూశాడంటే చూసినట్టే, ఆయన మాటకు తిరుగులేదని లింగన్న నమ్మకం. వచ్చే కోదాడ సంత నాడు తాళంచెవి కొత్త డ్రైవరుకు అప్పజెప్పమన్నాడు.

ఆ సంత నాడు పొద్దున్నే గేమ్యా నలభై గొర్రెలతో లారీని తెచ్చి సైదయ్య షెడ్డు ముందు ఆపాడు. వాసన బండికంటే ముందే వచ్చింది.

"ఏంది గేమ్యా గిది? మందను తోలుకొని నా మీదికొచ్చినవ్!" అని సైదయ్య తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"గొర్లున్నప్పుడే గట్లయితది సైదన్నా. ఒట్టి బండిని సూస్తే నీకేం కనపడ్తది? లింగన్న కోదాడల ఉన్నడు. గాడికి పోతే నా నౌకరి ఖతం. గీ ఒక్కపారి సూడే."

సైదయ్య బ్రేకు తొక్కమన్నాడు. లైటు నిక్షేపంలా ఎర్రగా వెలిగింది. పక్క షెడ్డువాళ్లు పగలబడి నవ్వారు.

"నిలబడితే కాదే, నడిస్తే అయితది," అన్నాడు గేమ్యా. వాళ్ల నవ్వు సైదయ్యకు గెలుపులా అనిపించాలి, అనిపించలేదు. అబద్ధమాడేవాడు నలభై గొర్రెల్ని వెంటేసుకుని ఎందుకొస్తాడు అనుకున్నాడు. సామాన్ల సంచి మోపెడ్‌కు తగిలించి, "నడువ్, నేను ఎనకాల్నే వస్త," అన్నాడు.

కోదాడ రోడ్డు మీద లారీ ముందు, మోపెడ్ వెనక. ఐదారు మైళ్లు ఏమీ కాలేదు. గేమ్యా బ్రేకు వేసినప్పుడల్లా ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఇంక వెనక్కి మళ్లుదామనుకుంటుండగా రోడ్డు గుంతల్లో పడింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి తూలాయి. అంతలో ఎదురుగా బర్రెలు అడ్డమొచ్చాయి. లారీ ఆగింది. ఎర్రలైటు వెలగలేదు. పసుపు లైట్లు రెండూ బద్ధకంగా మినుకుమన్నాయి. ఆ ఎర్రలైటునే నమ్ముకుని వస్తున్న సైదయ్య, మోపెడ్‌తో సహా వెళ్లి లారీ వెనక తలుపుకు తగిలాడు.

దెబ్బ పెద్దది కాదు. సిగ్గు మాత్రం పెద్దదే.

లేచి దుమ్ము దులుపుకుని, బ్రేకు అలాగే తొక్కి పట్టుకోమని గేమ్యాకు కేకేశాడు. లైటు వెలగాలంటే కరెంటు వెళ్లడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి. తిరిగొచ్చే దారి బండి ఇనుప ఒళ్లే. దాన్నే ఎర్తు అంటారు. ఆ దారి మూసుకుపోతే కరెంటు పక్క లైట్లలోకి దూరి దొంగదారిన వస్తుంది. సైదయ్య పొడుగాటి వైరు ఒకటి తీసి, ఒక కొస బ్యాటరీ ఎర్తుకు కట్టి, రెండో కొస లైటు డబ్బాకు ఆనించాడు. ఎర్రలైటు భగ్గుమంది. వైరు తీస్తే ఆరిపోయింది. ఇంక అనుమానం లేదు, ఎర్తే పోయింది.

తెల్ల చొక్కాతోనే లారీ కిందికి దూరాడు. నల్లవైరు వెంట తడుముకుంటూ పోతే, చెక్కల కింద ఒక బోల్టు దగ్గర చెయ్యి ఆగింది. పైన రెండు చెక్కల మధ్య సందు. అందులోంచి గొర్రెల ఉచ్చ బొట్టుబొట్టుగా సరిగ్గా ఆ బోల్టు మీద, అక్కణ్నుంచి ఆయన మెడ మీద పడుతోంది. బోల్టు చుట్టూ పచ్చటి చిలుము. వేలు పెడితే కదిలింది. విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. వైరు కొస కింద బాడీ రంగు చెక్కుచెదరకుండా ఉంది. రంగు మీద ఎర్తు ఆనదు. దాన్ని గీకి, ఇనుము తేలాకే బిగించాలి. ఉగాది హడావిడిలో సైదయ్య గీకలేదు. రంగు గీకనివాడు ఎలక్ట్రీషియనే కాదని పదిమందికి చెప్పిన మనిషి ఆయన.

కడిగి, ఖాళీగా తెచ్చిన ప్రతిసారీ ఆ బోల్టు బుద్ధిగా కూర్చుని, తన మరల గుండానే ఎర్తు అందించింది. గొర్రెల బరువుతో గుంతల్లో కుదిపితేనే కదిలి తప్పించింది. ఆకురాయితో ఇనుము తేలేదాకా గీకి, ఎర్తును బొట్లు పడని చోటికి మార్చి, గట్టిగా బిగించి బయటికొచ్చాడు.

"ఏమాయెనే?" అన్నాడు గేమ్యా ఆశగా.

నట్టు వదులైందంటే సరిపోయేది. కింద ఏముందో చూసినవాడు లేడు. సైదయ్యకు ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసి, "పా, కోదాడ పోదాం," అని, మోపెడ్‌ను దారి పక్క చాయ్ కొట్టు దగ్గర వదిలి లారీ ఎక్కాడు.

సంతలో లింగన్న, ఆయన పక్కన కొత్త డ్రైవరు నిలబడి ఉన్నారు. "ఇదేంటి సైదయ్యగారూ, చొక్కా ఇలా అయిపోయింది?" అన్నాడు కోదాడ బేరగాడొకడు. గేమ్యా అప్పటికే తాళంచెవి తీసి లింగన్న ముందుకు చాచాడు.

"ఆగు," అన్నాడు సైదయ్య. "లింగన్నా, గేమ్యా సెప్పింది నిజం. తప్పు నాది. రంగు గీకకుంట ఎర్తు బిగించిన. మూడుపార్లు కడిగిన బండినే సూసి, తప్పు వాని మీదికి నూకిన."

సంతలో సగంమంది ఆయన గిరాకీలే. అందరూ విన్నారు. సైదయ్యకు చెవులు కాలిపోయాయి.

"నీ మాట మీద మనిషిని ఆగం జేస్తుంటిని గదనే," అన్నాడు లింగన్న. కొత్త డ్రైవరును, "ఏమనుకోకు తమ్మీ, నువ్వు పో," అని పంపేశాడు. తర్వాత తాళంచెవి గేమ్యా అరచేతిలోనే ఉంచి, వేళ్లు తనే ముడిచాడు. గేమ్యా తల దించుకుని, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

అన్నీ సర్దుకున్నాక గేమ్యా సైదయ్య దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "మల్ల బండి తెచ్చేటప్పుడు కడగాల్నా అన్నా?"

"వద్దు," అన్నాడు సైదయ్య. "ఎట్లున్నదో అట్లనే తే."

ఆ చొక్కాను ఆయన భార్య సోమమ్మ ఎన్నిసార్లు ఉతికినా భుజం మీది పచ్చ మరక పోలేదు. సైదయ్య దాన్ని షెడ్డులో మేకుకు తగిలించుకున్నాడు. గొర్రెల బండి వచ్చినప్పుడల్లా అదే తొడుక్కుని కిందికి దూరేవాడు.