కంచె లోపలి నీడ

పొద్దున్నే మేకల్ని ఊరి మందలోకి తోలేసి, ఇల్లూడ్చి, ఇంత సంగటి కెలికి, పచ్చడి నూరుకుని పుల్లమ్మ పన్నెండు లోపల చేనికి బయలుదేరేది. చేన్లో పనేమీ లేదు. వానల్లేక రెండేళ్ళుగా కంది కూడా వెయ్యలేదు. మొగుడి నీడలో కూర్చుని అన్నం తినడానికి పోయేది, అంతే.

మొగుడు గోవిందయ్య గొర్లు కాసే మనిషి. గొంగడి మడిచి నెత్తిన కప్పుకుని, భుజాల మీద కర్ర అడ్డంగా పెట్టి, దాని మీద రెండు చేతులూ వేలాడేసి గంటలు గంటలు నిలబడేవాడు. మూడేళ్ళ కింద అట్ల నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆ చేన్లో కూలిపోయినాడు. మనిషిని తెచ్చి మట్టి చేసినారు గానీ నీడ అక్కడే ఉండిపోయింది. ఊళ్ళో ఎవరూ దాన్నొక వింతగా చెప్పుకోలేదు. చెట్టూ చేమా లేని ఎర్రనేల గదా, పోతే పోయినాడు, నీడన్నా ఇచ్చిపోయినాడు అనుకున్నారు. త్రిపురాంతకం సంతకు పోయేవాళ్ళు కాసేపు అందులో నిలబడి చెమట తుడుచుకునేవాళ్ళు. నడిమధ్యాహ్నానికి అది చాటంత అయ్యేది, ఒక్క మనిషి కాళ్ళు ముడుచుకుంటే సరిపోయేంత. పుల్లమ్మ అందులో కూర్చుని, ముద్ద ముద్దకూ ఒక ఊరి సంగతి మొగుడి చెవిన వేసేది. బతికున్నప్పుడు ఆ మనిషి ఇంత నిదానంగా విన్నదెన్నడూ లేదు. ఆ గంట కోసమే ఆమెకు పొద్దు పొడిచేది.

అట్లాంటిచోటికి పోయినేడు బ్యాటరీల కంపెనీ వచ్చింది. పక్కనే సబ్‌స్టేషను ఉండటంతో ఆ చుట్టుపక్కల చేలన్నీ కౌలుకు అడిగినారు. ఇంజినీరు ప్రసన్న అనే పిల్ల ఇల్లిల్లూ తిరిగి అందరికీ వివరం చెప్పింది.

"ఏంది పాపా ఆ బ్యాటరీలు? టార్చిలైట్లో వేసేవేనా?" అని అడిగింది పుల్లమ్మ.

"అట్లాంటివే పెద్దమ్మా, కాకపోతే ఒక్కో డబ్బా లారీ అంత ఉంటది. ఎండ కాసే టయంలో సోలారు కరెంటు మిగిలిపోతంది గదా, దాన్ని వీటిలో నింపుకుంటాం. పొద్దుగూకినాక అందరూ లైట్లు వేసుకునే యాళకు లైన్లోకి వదుల్తాం."

"మంచి పనే. మిగిలింది పారబోసుకోకుండా," అనింది పుల్లమ్మ. "చేను ఇస్తాలే. మా ఆయన నీడ జోలికి మాత్రం రాగూడదు."

ప్రసన్న చేనికొచ్చి చూసింది. చెప్పులు విడిచి నీడలో నిలబడి, "చల్లగుంది పెద్దమ్మా," అనింది. మాట తప్పే పిల్ల కాదు. పటం తిరగ గీయించి, డబ్బాలను రెండు వరసలుగా చీల్చి, మధ్యలో నీడకు తూర్పూ పడమరా ఖాళీ వదిలించింది. అక్కడేముందని పెద్దాఫీసు వాళ్ళు అడిగితే, గోవిందయ్య గారి నీడ ఉంది సార్ అని చెప్పిందంట. అయితే సరేనన్నారంట వాళ్ళు.

డబ్బాలు దిగినాయి, ట్రాన్స్‌ఫార్మర్లు దిగినాయి, మనిషికి రెండింతల ఎత్తున కంచె లేచింది. కరెంటు ఎక్కించిన రోజు పుల్లమ్మ ఎప్పటి మాదిరే అన్నం గిన్నె పట్టుకుని పోతే, గేటు కాడ సెక్యూరిటీ కిరణ్ అడ్డం నిలబడినాడు. కిరణ్‌ది వాళ్ళ వీధే. పాపం, తల ఎత్తలేకపోయినాడు.

"లోపలికి పంపగూడదంట పెద్దమ్మా. అంతా పెద్ద కరెంటు. పనోళ్ళు తప్ప ఎవరూ పోగూడదు."

"మా ఆయన కాడికి పోతన్నానురా నేను!"

లోపలి నుంచి ప్రసన్న పరిగెత్తుకుంటా వచ్చింది. ఎవరెవరికో ఫోన్లు చేసింది, బతిమాలింది. కుదరలా. ప్రాణాలతో పని, ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీడకు చోటు చూసినా గానీ నీకు దారి చూడలా పెద్దమ్మా. నాదే తప్పు."

"నేను మాత్రం అడిగినానా? నీడను ఉండనియ్యమంటి గానీ నన్ను రానియ్యమనడం నాకూ తోచకపాయె," అనింది పుల్లమ్మ.

ఆ పిల్ల మీద కోపం రాలేదు. కోపమంతా మొగుడి మీద వచ్చింది. కంచె పట్టుకుని, ఆ దూరాన తెల్ల డబ్బాల మధ్య నల్లగా కనపడతన్న చాటంత నీడను చూసి అరిచింది. "బతికినన్నాళ్ళూ గొర్ల ఎనక తిరిగితివి, ఇంటి మొగం చూడకపోతివి! చచ్చినాకన్నా దొరికినావు గదా అనుకుంటే, నన్ను ఎండలో నిలబెట్టి నువ్వు లోపల పడుంటావా? సిగ్గు లేదంటయ్యా నీకు?"

తర్వాత కొన్నాళ్ళు కిరణ్ తన గేటు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. ఫ్యాను కూడా ఉంది. గిన్నెలో సంగటి మాత్రం అట్లనే ఇంటికి తిరిగొచ్చేది.

కురిచేడులో ఉండే కూతురు లక్ష్మీకుమారి మూడేళ్ళ నుంచి రమ్మంటానే ఉంది. మీ నాయనను వదిలి యాడికొస్తానే అని తప్పించుకుంటా వచ్చిన పుల్లమ్మ, ఆ వారం ఫోను చేసి "వస్తన్నా" అనింది. వెళ్తే ఇక తిరిగి రావడం లేదు. ఇల్లు పక్కవాళ్ళకు అమ్మేట్టు మాటయింది. మేకల్ని కిరణ్ వాళ్ళమ్మకు అప్పజెప్పింది. అవి తన ఎనకనే నడిచొస్తుంటే చూడలేక కొంగుతో మొగం కప్పుకుంది.

సాయంత్రం బస్సు. కంచెకు తూర్పున, రోడ్డు వార బస్టాపు అరుగు మీద సంచీ పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ యాళప్పుడు ఇంటికాడ లేకుండా, పాలు పిండే పని లేకుండా ఉండటం అదే మొదలు. చేతులేం చేసుకోవాలో తెలియలా. సంచీ మోసుకొచ్చిన కిరణ్, "మళ్ళా ఎప్పుడొస్తావు పెద్దమ్మా?" అన్నాడు.

"ఎవరున్నారని రావాల?" అనింది.

పొద్దు నల్లమల మీదికి వాలింది. లోపల డబ్బాలు హుమ్మని మొదలుపెట్టినాయి. ఊళ్ళో లైట్లు వెలిగినాయి. డబ్బాల వరసల మధ్య ఖాళీలోంచి గోవిందయ్య నీడ నిదానంగా సాగింది. కంచె దాటింది, రోడ్డు పక్క గుంత దాటింది, రోడ్డెక్కింది. అడ్డకర్ర, వేలాడే చేతులు, నెత్తిన గొంగడి, అన్నీ సాగి సాగి వచ్చి, పుల్లమ్మ పాదాలు తాకి, ఒళ్ళోకెక్కి, మొగం మీద చల్లగా నిలబడినాయి. పుల్లమ్మ కదల్లేదు. పొగిలి పొగిలి ఏడ్చింది, ఏడుస్తానే నవ్వింది.

బస్సొచ్చి ఆగింది. కండక్టరు తలుపు తీసి, "కురిచేడు, కురిచేడు! ఎక్కు అవ్వా, టయమైంది," అని కేకేసినాడు.

"నువ్వు పో నాయనా," అనింది పుల్లమ్మ. "మా ఆయన ఇప్పుడే వచ్చినాడు."