జానెడు ఎండ

టైలరమ్మ ఇంట్లో రోజూ పొద్దున్నే ఒక అబద్ధం మొదలయ్యేది. మొగుడు లేచి, గోడ తడుముకుంటూ వెనకగదిలోకి వచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, మొహం అటు తిప్పి అడిగేవాడు.

"ఎండ రాలేదా ఇవాళ?"

"మబ్బు పట్టిందండీ," అనేది ఆవిడ, మిషను తొక్కుతూ.

మబ్బూ లేదు, గిబ్బూ లేదు. కిటికీ అవతల, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, పక్క స్థలం వాళ్ళు మూడంతస్తుల గోడ లేపారు. దానికి సున్నం కొట్టే ఆలోచన కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కిటికీ వెలుతురులోనే సూదికి దారం ఎక్కించిన మనిషి, ఇప్పుడు పట్టపగలు బల్బు వేసుకుని కుడుతోంది. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడక, కుట్టింది విప్పడం, విప్పింది కుట్టడం. ఆ ఇంటి మీద ఆవిడకు మనసు విరిగిపోయింది. ఊడుస్తుంటే ఎవరి ఇల్లో ఊడుస్తున్నట్టుండేది. తలుపుకి తాళం పెట్టి ఎటైనా పోదామనిపించేది.

పోవచ్చుగా అంటారేమో. పోలేరు, అదే వచ్చిన చిక్కు.

ఆయన ఒకప్పుడు లారీ నడిపాడు. వీధంతా ఇప్పటికీ డ్రైవరుగారనే అంటుంది. ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగాక చూపు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఈయన రచ్చ గెలిచి వచ్చి అప్పుడు ఇంట గెలవడం మొదలుపెట్టాడు. మూడు గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. నడిమిగదిలో మంచం, వెనకగదిలో కుట్టుమిషను. మంచం దిగి మిషను చప్పుడుకి ఎదురు నడిచి, మిషను చేతికి తగలగానే ఎడమకు తిరిగితే స్నానాలగది, కుడికి తిరిగితే వంటగట్టు. ఆయన లెక్కంతా ఆ చప్పుడు మీదే.

"బండి నాది, హారన్ నీది," అని నవ్వేవాడు.

గోడ లేచాక ఆవిడ అన్నయ్య ఒక మంచి ఇల్లు చూపించాడు. అన్ని గదులకూ కిటికీలే. అన్నయ్య కొనుక్కుంటాడట, చూసొద్దాం రమ్మని ఇంకో అబద్ధమాడి మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆయన ఆ ముందుగది మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాడు. ఏ గోడా అందలేదు. స్నానాలగది ఎటని అడిగాడు, ఈవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేలోపే పంచె తడిసిపోయింది. దారంతా ఆయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచాడు. సొంత గుమ్మం దాటగానే మాత్రం ఆవిడ చెయ్యి వదిలేసి, ఎక్కడా తడుముకోకుండా వెళ్ళి చొక్కా కొక్కానికి తగిలించాడు. ఆ చొక్కా చూసి ఆవిడ ఇల్లు మారే మాటను మింగేసింది.

కానీ ఆ చీకట్లో కుట్టడం ఆవిడ వల్ల కాలేదు. ఒకరోజు మిషనుని ముందుగదిలోకి, వీధి వెలుతురు పడేచోటికి లాక్కొచ్చింది. వెనకగదిలో దుమ్ము ఎక్కువైందని చెప్పి, ఆయన చెయ్యి తెచ్చి దాని మీద పెట్టింది. ఆయన సరేనన్నాడు. కొన్నాళ్ళు బాగానే సాగింది. పనిలో పడి ఆవిడ కూనిరాగం కూడా తీసింది.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రమత్తులో మంచం దిగాడు. చప్పుడు వినపడింది. దానికి ఎదురు నడిచాడు. మిషను చేతికి తగిలింది, ఎడమకు తిరిగాడు. ఆ గదిలో ఎడమపక్క ఉన్నది వీధిగుమ్మం. తలుపు తీసే ఉంది, ఆవిడ తలెత్తేలోపే గుమ్మం దాటేశాడు. మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"చెప్పానుగా మీకు! చెయ్యి పట్టి మరీ చూపించానుగా!" అని ఆవిడ ఏడుస్తూనే తిట్టింది.

"చెప్పావు. నాకు తెలుసు. కాళ్ళకే తెలీలేదు," అన్నాడు ఆయన, నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ.

చేతికి కట్టు కట్టించుకొచ్చి ఆయన్ని పడుకోబెట్టాక, ఆవిడ మిషనుని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఇనుపకాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

"ఎక్కడికి లాక్కెళ్తున్నావు?"

"దాని చోటికి."

"ఆ గోడ దగ్గరికా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఏ గోడ?"

"కళ్ళు పోయాయి గానీ చెవులకేమైందే? ఇటుక మీద ఇటుక పేరుస్తుంటే వినపడదా? ఇన్నాళ్ళు మబ్బు పడితే ఊరు మునిగిపోవాలి కదా."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. "తెలిసీ రోజూ ఎందుకు అడిగారు మరి?"

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

"ఈరోజు నిజం చెప్పేస్తావేమోనని భయపడుతూనే అడిగేవాణ్ణి. చెప్తే, ఇల్లు మారదాం పద అని నేను అనాలి. అది నా నోట రాదు. నువ్వు మబ్బనగానే బతికిపోయాననుకునేవాణ్ణి. నువ్వు చీకట్లో కుడుతున్నావని తెలిసే అలా అనుకున్నాను."

ఆవిడ మిషను మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయింది. కోపం వచ్చింది. జాలీ వేసింది. రెంటిలో ఏది ముందు వచ్చిందో ఆవిడకే తెలీదు.

"మిషను ముందుగదిలోనే ఉండనీ," అన్నాడు ఆయన. "దారి నేనే మళ్ళీ నేర్చుకుంటాను."

నేర్చుకోవడం అంత తేలికేం కాలేదు. ఆవిడ వీధితలుపు గడియ పెట్టి, దారం లేకుండా, గుడ్డ లేకుండా ఉత్త మిషను తొక్కేది. ఆయన ఆ చప్పుడుకి వీపు పెట్టి స్నానాలగదికీ, ఎదురు తిరిగి మిషనుకీ నడిచేవాడు, బీరువాకి గుద్దుకునేవాడు. కొన్ని రోజులు నావల్ల కాదని మంచం దిగనేలేదు. విరిగిన చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. ఆవిడ గోడ కట్టినవాళ్ళని రోజూ తిట్టేది. అయినా ఆయనకి దారి చెప్పాలంటే ముందు తను చూడాలిగా. ద్వారబంధం ఎక్కడ చెక్కు లేచిందో, నేల ఎక్కడ పల్లమైందో, ఏ మూల చల్లగా ఉంటుందో, చెప్పడం కోసం చూసింది. చూసీ చూసీ, ఊడుస్తున్నది తన ఇల్లేనని మళ్ళీ అనిపించసాగింది.

ఒక పొద్దున ఆయన మిషను దాకా ఎక్కడా తగలకుండా వచ్చాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎండ రాలేదా ఇవాళ?"

మబ్బు అనబోయి నాలిక కరుచుకుంది. "వచ్చిందండీ. జానెడు. మీ కాళ్ళ దగ్గరే."

ఆయన కింద కూర్చుని, బాగున్న చెయ్యి నేల మీద పరిచి వెతుక్కున్నాడు. దొరికింది. ఆవేళ నుంచి కుర్చీ మానేసి ఆ ఎండ పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు.

నెల తిరిగింది. ఒకరోజు ఆవిడ సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని, దారం కొస తడిచేసి, ఎక్కించలేక విసుక్కుంటోంది. ఆయన అరచేత్తో నేలని నిమురుతున్నాడు.

"ఎండ ఇటు జరిగిందే. నువ్వు నీడలో కూర్చున్నావు. మిషను ఇటు లాగు."

"వద్దండీ. మళ్ళీ మీ లెక్క తప్పుతుంది."

"ఎంత తప్పుతుంది?"

ఆవిడ కింద ఎండ వైపు చూసింది. "జానెడు."

ఆయన లేచాడు. గోడ పట్టుకుని నడిమిగదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి ఆనించాడు.

"లాగావా?"

ఇనుపకాళ్ళు కీచుమన్నాయి. "లాగాను."

"అయితే తొక్కు."