బెంగకు ఒక వాక్యం

మా బావ నిఘంటువు ఆఫీసులో పనిచేస్తాడు. ప్రతి పదానికీ ఎవరో ఒకరి నోట నిజంగా వచ్చిన వాక్యాన్నే ఉదాహరణగా వేయాలని అక్కడి నియమం. సొంతంగా అల్లితే అక్కడి సంపాదకుడు పెద్దాయన ఆ వాక్యాన్ని కొట్టేస్తాడు. ఈసారి బావ వంతుకు ‘బెంగ’ వచ్చింది. ‘ఒక మనిషి లేనిదే నిలవలేని మనసు పడే బాధ’ అని అర్థం రాసేశాడు గానీ, వాక్యం దొరకలేదు.

దాంతో ఎవరికీ చెప్పకుండా ఫోను కట్టేసి, ఆఫీసు గెస్టుహౌసులో దర్జాగా పడుకున్నాడు, మహానుభావుడు. అక్క అన్నం ముట్టలేదు. నేను ఆసుపత్రులన్నీ తిరిగి, మార్చురీ కూడా చూసొచ్చాను. మూడో రోజు తీరిగ్గా వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాడు.

అక్క అతని చొక్కా పట్టుకుని భోరుమంది.

“దిగులుతో చచ్చిపోయానండీ!”

“‘దిగులు’ పోయిన నెలే అచ్చుకెళ్లిపోయింది,” అన్నాడు బావ, జేబులోంచి పెన్ను తీస్తూ. “ఇంకేమైంది?”

“మీరు కనబడకపోతే నాకు బెంగొచ్చేస్తుం...”

“చివరి ముక్క ఏడుపులో మింగేశావు. మళ్లీ చెప్పు.”

అతన్ని కొట్టడానికి నేను చెయ్యెత్తాను. ఈలోగా అక్క ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.