మనవాడే కదా, ఏమీ అనుకోడు

మియాపూర్‌లో మెట్రో తలుపులు తెరుచుకోగానే ఉదయ్ భాస్కర్ రోజూ ఎక్కే మధ్య బోగీని వదిలేసి చివరి బోగీ వైపు నడిచాడు. రైలు బయలుదేరేది అక్కడినుంచే కాబట్టి సీటుకి ఇబ్బంది లేదు. కిటికీ పక్కన కూర్చుని, వీపుకున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకున్నాడు. పాటేమీ పెట్టుకోలేదు. ఎవరైనా పలకరిస్తే వినబడలేదని చెప్పడానికి పనికొస్తాయని పెట్టుకున్నాడంతే.

నలభై దాటిన మనిషి. నుదురు నడినెత్తి దాకా పాకింది. ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చోవడంతో భుజాలు ముందుకి వంగి, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తిరగడానికి ఒళ్ళంతా తిప్పాల్సి వస్తుంది. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఎవరో రాసిన ప్రోగ్రాముల్ని నడిపి చూసి, తప్పులు పట్టుకుని, రాసినవాళ్ళకి తిప్పి పంపడం ఉద్యోగం. అందులో అతనికి మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు.

పేరంటూ ఉంటే ఫుట్‌బాల్ విషయంలోనే ఉంది. అర్ధరాత్రి దాటాక వచ్చే విదేశీ మ్యాచ్‌లన్నీ చూస్తాడు. భార్య దేవిశ్రీ లేస్తుందని టీవీకి గొంతు లేకుండా చేసి, గోల్ పడ్డప్పుడు దిండు నోట్లో కుక్కుకుని అరుస్తాడు. ఆడటం మాత్రం ఎన్నడూ చేతకాలేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో జట్లు పంచుకునేటప్పుడు రెండు వైపులవాళ్ళూ అతన్ని వదిలేసేవాళ్ళు. అందరి చెప్పులూ, చేతిగడియారాలూ కాపలా కాస్తూ గట్టు మీద కూర్చునేవాడు. ఆటని అంత శ్రద్ధగా చూడటం అక్కడే అలవాటైంది. ఎవడు ఎక్కడ నిలబడాలి, ఎవడు పరుగు ఎగ్గొడుతున్నాడు అన్నీ గట్టు మీదినుంచి కనబడతాయి. అభిప్రాయాలు అప్పుడు మొదలయ్యాయి, ఇప్పటిదాకా ఆగలేదు.

ఆ అభిప్రాయాలు వినేవాడు లోకంలో ఒకడే ఉన్నాడు. దినేశ్. మూసాపేటలో ఎక్కుతాడు. అదే టీమ్, పక్క సీటు. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకి చాచి ఉంటాడు. జనంలో ఉదయ్ ఎదురుగా వచ్చి నిలబడి, "రాత్రి గెలిచిన్రా అన్నా మనోళ్ళు?" అంటాడు. అతనికి ఫుట్‌బాల్ ఓనమాలు తెలియవు. మనోళ్ళు అంటే ఎవరో ఏ దేశమో కూడా తెలియదు. అయినా రోజూ అడుగుతాడు. ఉదయ్ అందుకుంటాడు. గోల్ కొట్టాక కూడా పైన వీడియో చూసేవాడు ఒప్పుకునేదాకా సంతోషించకూడదంటే అదేం ఆట, సెలవు చీటీ పెట్టి మేనేజర్ కోసం చూసినట్టు ఉంది అంటాడు. అమీర్‌పేటలో రైలు మారేసరికి టీవీ కామెడీలోకి దిగుతాడు. జోకు వెయ్యకముందే పడీ పడీ నవ్వే జడ్జీలకి జీతం ఎందుకు, ఆ నవ్వు ఒకసారి రికార్డు చేసి పెట్టుకుంటే పోయేదిగా అంటాడు. మాదాపూర్ దగ్గరపడేసరికి రాజకీయాలు. ఎమ్మెల్యేలు పార్టీ మారడానికి ఏడాదిలో ఒక నెల కేటాయించాలని, ఆటగాళ్ళు క్లబ్బు మారేదీ అలాగేనని, కనీసం ఆటగాడు పాత చొక్కా విప్పి కొత్తది తొడుక్కుంటాడని, వీళ్ళు కండువా మీద కండువా కప్పించుకుంటారని చెబుతాడు. దినేశ్ నవ్వుతాడు. మొహమాటపు నవ్వేం కాదు, నిజంగానే నవ్వుతాడు.

ఆ దినేశ్‌కి ఇవాళ ఆఫీసులో చివరి రోజు. అందుకే చివరి బోగీ.

పోయిన నెల టీ కొట్టు దగ్గర జరిగిందది. ఉదయ్‌కి ఒక ఆట ఉంది. ఎవరినైనా పదకొండు మంది జట్టుగా పేర్చేస్తాడు. మంత్రివర్గాన్ని పేర్చాడు, టీవీ కామెడీ బృందాన్ని పేర్చాడు, సొంత అపార్ట్‌మెంట్ కమిటీని పేర్చాడు. ఆ రోజు మేనేజర్ శివశంకర్ కూడా టీకి వచ్చి, "మన టీమ్‌ని పేర్చు చూద్దాం" అన్నాడు. టీమ్‌లో పన్నెండు మంది. అంతా చుట్టూ నిలబడి ఉన్నారు. అజయ్‌ని ముందు వరసలో పెట్టాడు. రేఖని గోల్ దగ్గర నిలబెట్టాడు. తనని తాను మైదానం మధ్యలో పెట్టుకున్నాడు. చివరికొచ్చేసరికి ఒకరిని తప్పించక తప్పలేదు. అజయ్‌ని వదిలేస్తే నాలుగు రోజులు మాట్లాడడు, రేఖని వదిలేస్తే మొహం మాడ్చుకుంటుంది. పెళ్ళి భోజనాల్లో కుర్చీ తక్కువైతే చుట్టాల్ని లేపలేం, మనింటివాణ్ణే లేవమంటాం. ఉదయ్ కూడా అదే చేశాడు. "దినేశ్ బయట కూర్చుంటాడు. పరుగు తక్కువ" అన్నాడు. మనవాడే కదా, ఏమీ అనుకోడు అనుకున్నాడు. దినేశ్ అందరికన్నా ముందు నవ్వాడు. శివశంకర్ కూడా నవ్వాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండా ప్రాజెక్టులో ఒకరిని తగ్గించారు.

మూసాపేటలో ఫోను మోగింది. ఉదయ్ తియ్యలేదు. మళ్ళీ మోగింది, తియ్యలేదు. అమీర్‌పేటలో మెట్లెక్కుతుంటే భుజం మీద చెయ్యి పడింది.

"ఏందన్నా, ఇయ్యాల ఆఖరి డబ్బల ఎక్కినవ్? నేను మన డబ్బంత దేవులాడిన."

"జనం ఎక్కువున్నార్రా" అన్నాడు ఉదయ్. ఆ అబద్ధం అతనికే వినబుద్ధి కాలేదు.

"రాత్రి గెలిచిన్రా మనోళ్ళు?"

నిన్న మ్యాచ్ ఉంది. ఉదయ్ చూడలేదు. దీపం ఆర్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు, నిద్ర పట్టలేదు. "ఓడిపోయారు" అన్నాడు, తెలియకపోయినా. అంతటితో ఊరుకున్నాడు. దినేశ్ తనే టీవీలో ఏదో స్కిట్ సంగతి ఎత్తాడు. మొగవాడు చీర కట్టుకొస్తేనే జనం ఎందుకు నవ్వుతరో నువ్వొకసారి జెప్పినవ్ జూడు, రాత్రి అదే యాదికొచ్చింది అన్నాడు. అంటే తను చెప్పినవన్నీ ఇంటికి తీసుకెళ్ళి గుర్తుపెట్టుకుంటున్నాడన్నమాట. రైలు మాదాపూర్ చేరేదాకా ఉదయ్ కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆఫీసులో దినేశ్ ఎప్పటిలాగే కూర్చుని పనిచేశాడు. పోతూ పోతూ తన పని అప్పగించాలి కాబట్టి ప్రతి ఫైలూ ఎక్కడుందో అజయ్‌కి విసుగు లేకుండా చూపించాడు. మధ్యలో భార్య ఫోన్ చేస్తే, "పాపను బడిల ఏసుడు గురించి రాత్రికి మాట్లాడుదాం తియ్" అని పెట్టేశాడు. ఇంకో ఉద్యోగం ఇంకా దొరకలేదని ఉదయ్‌కి తెలుసు. రెండు చోట్లకి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు. రెండు చోట్లా మళ్ళీ చెబుతామన్నారు.

మధ్యాహ్నం భోజనం ఉదయ్‌కి సహించలేదు. డబ్బా మూత పెట్టేసి శివశంకర్ గదిలోకి వెళ్ళాడు. పన్నెండేళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు.

"దినేశ్‌ని ఇంకో ప్రాజెక్టులో ఎక్కడైనా సర్దొచ్చేమోనండి."

"ఇవాళ సాయంత్రం లాప్‌టాప్ ఇచ్చేస్తున్నాడు. ఇప్పుడొచ్చి అడుగుతావేంటి ఉదయ్?"

"అతని పనిలో వంక పెట్టడానికేం లేదండి."

శివశంకర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడేం కాదు. రాత్రి అతనికీ నిద్ర లేనట్టుంది. "మీ అందరి రేటింగులూ ఇంచుమించు ఒకటే. పైవాళ్ళు ఒక్క పేరు చెప్పమన్నారు. నాకు రెండు రోజులు ఏ పేరూ తోచలేదు. అప్పుడు నీ జట్టు గుర్తొచ్చింది."

"అది ఊరికే సరదాకి అన్నానండి."

"నువ్వు ఫుట్‌బాల్ సంగతి ఎప్పుడు సరదాగా మాట్లాడావు? దినేశ్ నీ మనిషి. కలిసొస్తారు, కలిసెళ్తారు, పక్కపక్కన కూర్చుంటారు. బయటివాడు ఎవరైనా వదిలేస్తే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. నువ్వే వదిలేశావంటే, పనిలో ఏదో లోపం నీకు తెలిసుంటుంది, పైకి చెప్పలేకపోతున్నావు అనుకున్నాను."

నా పేరు పెట్టుకోండి, అతన్ని ఉంచండి అన్న మాట ఉదయ్ నోటిదాకా వచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది, కూతురు రసజ్ఞ చదువు గుర్తొచ్చింది. ఈ వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి ఇచ్చేవాడు లేడన్నదీ గుర్తొచ్చింది. మాట మింగేశాడు. మింగేసినందుకు సిగ్గేసింది. ఆ మాట శివశంకర్ ఎలాగూ ఒప్పుకోడని తనకి తాను చెప్పుకోబోయాడు. ఒప్పుకుంటాడేమోనన్న భయంతోనే అనలేదని అతనికి బాగా తెలుసు.

"వెళ్ళనా అండి" అన్నాడు.

అయిదింటికి కేకు కోశారు. ఫోటోలు దిగారు. దినేశ్ చేతికి బంగారు రంగు కాగితం చుట్టిన ఒక పెట్టె ఇచ్చి అందరూ చప్పట్లు కొట్టారు. మాట్లాడమంటే దినేశ్ అటూ ఇటూ చూసి, "అందరు మంచిగున్నరు. నన్ను మంచిగ చూసుకున్నరు" అని ఊరుకున్నాడు. లాప్‌టాప్ ఇచ్చేశాడు, మెడలో కార్డు తీసి ఇచ్చేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి సందర్శకుల రిజిస్టరు చూపించి సంతకం పెట్టమన్నప్పుడు ఒక్కసారి ఆగి, నవ్వి, పెట్టాడు.

తిరుగు రైల్లో కాలు పెట్టే చోటు లేదు. అమీర్‌పేటలో రైలు మారాక ఇంకా ఘోరం. ఈఎస్ఐ దగ్గర ఒకాయన దిగితే సీటు ఖాళీ అయింది.

"నువ్వు కూసో అన్నా. నువ్వు ఆఖరిదాంక పోవాలె గదా. నేనిగ దిగుతనే ఉన్న."

ఉదయ్ కూర్చున్నాడు. దినేశ్ చేతిలో పెట్టె జనంలో నలిగిపోతుంటే, కూర్చున్నవాడు నిలబడ్డవాడి సామాను పట్టుకోవడం మామూలే కాబట్టి, అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎర్రగడ్డ దాటింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. భరత్‌నగర్ వచ్చింది, తలుపులు మూసుకున్నాయి.

"దినేశూ, నీ ఉద్యోగం పోయింది నావల్లేరా. టీ కొట్టు దగ్గర నేనన్న మాట పట్టుకునే నీ పేరిచ్చాడు శివశంకర్. నన్ను క్షమించరా."

చుట్టుపక్కల ఒకరిద్దరు తలెత్తి చూశారు. దినేశ్ వంగి, జనానికి వినబడకుండా మెల్లగా అన్నాడు.

"ఎరుకనే అన్నా. నాకు జెప్పిన దినమే సర్ ఆ మాట అన్నడు. నీ దోస్తే నిన్ను తీసుకోలేదు గదా అన్నడు."

"తెలిసి కూడా నాతో రోజూ… మరి నన్నెందుకు అడగలేదురా?"

"అడిగితె నువ్వు పరేషాన్ అయితవ్. ఇగ మాట్లాడుడు బంద్ జేస్తవ్. మూసాపేట కాంచి మాదాపూర్‌దాంక ఉత్తగ నిలవడాలె నేను." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "కానీ ఒక్కటన్నా. ఆ దినం పరుగు తక్కువ అన్నవ్ జూడు. నువ్వు గట్లనుకుంటున్నవని నాకు ఎన్నడు ఎరుక లేకుండె."

అలా అనుకోలేదని, ఏ కారణమూ దొరక్క నోటికొచ్చింది అన్నానని, మనవాడివని వదిలేశానని ఉదయ్ చెప్పబోయాడు. మనవాడివని వదిలేశాను అన్న మాట ఏ వైపునుంచి చూసినా మాటలా నిలబడలేదు. మూసాపేట వచ్చేసింది. తలుపులు తెరుచుకున్నాయి, వెనకనుంచి జనం తోశారు, దినేశ్ ప్లాట్‌ఫారం మీద పడ్డాడు.

అప్పుడు ఉదయ్‌కి ఒళ్ళో పెట్టె గుర్తొచ్చింది. లేవబోయాడు. మోకాళ్ళకి అడ్డంగా మనుషులు. పెట్టె పైకెత్తి చూపించాడు. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల దినేశ్ చూశాడు, రేపు తీసుకుంటాలే అన్నట్టు అలవాటుగా చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. రైలు కదిలింది.

కూకట్‌పల్లి దాటాక బోగీ పలచబడింది. ఎదురు సీట్లు ఖాళీ అయ్యాయి. మియాపూర్‌లో అందరినీ దిగమన్న మాట స్పీకర్లో వినిపించినా ఉదయ్ లేవలేదు. ఒళ్ళో పెట్టె మీద బంగారు కాగితం ఒక మూల చిరిగి ఉంది. దాని పైన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో, 'దినేశ్‌కి ప్రేమతో, నీ టీమ్' అని రాసి ఉంది.